బాణానికి అర్థం అడిగిన మేడం

ఆదివారం పొద్దున ఇడ్లీ రేకుల్లో పిండి వేస్తుంటే ఫోన్ మోగింది. తెరమీద మా మేడం పేరు. గురువారం ఆవిడ పంపిన మెసేజ్‌కు జవాబు అడగడానికే చేశారనుకుని, పిండి చేతులతోనే స్పీకర్ నొక్కి, వాదనకు సిద్ధమయ్యాను. మాట్లాడింది మేడం కాదు, వాళ్ల అక్క.

"మీ మేడం పోయింది మ్మా. రాత్రి బాగానే పండుకుంది. పొద్దున లేయలేదు" అన్నారావిడ.

నిజం చెప్పాలంటే నాకు ముందు ఏడుపు రాలేదు, చికాకు వచ్చింది. నేను రైలు సిగ్నళ్లకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీలో పనిచేస్తాను. ఒక జంక్షన్‌కు నేను గీసిన నమూనా బొమ్మను సలహా కోసం మేడంకు పంపాను. దానిమీద ఆవిడ కొన్ని అభ్యంతరాలు రాసి, చివర "ఇంకా ఉన్నాయి. తర్వాత చెప్తా" అని పెట్టారు. ఆ ఇంకా ఉన్నవేమిటో ఇప్పుడు నేను ఎవరిని అడగాలి? ఎవరి పనైనా సగంలో కనబడితే కుదురుగా కూర్చోలేని మనిషి, తన మాటను మాత్రం సగంలో వదిలేసి వెళ్లిపోయారు.

మేడం నా పీహెచ్‌డీ గైడ్. తార్నాక చౌరస్తా వెనక సందులో, ఒక పాత అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో అక్కతో కలిసి ఉండేవారు. కడప జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి, రిటైరయ్యాక కూడా ఇక్కడే ఉండిపోయారు. యూనివర్సిటీ క్యాంపస్‌లో ఆవిడ చెప్పింది కంప్యూటర్ సైన్సే కానీ, అందులో ఆవిడ పట్టుకున్నది ఒక సన్నటి దారి. అన్ని పనులకూ ఒకే రకం ప్రోగ్రామింగ్ భాష వాడితే, పని తెలిసినవాళ్లకు ప్రోగ్రాం అర్థం కాదు, ప్రోగ్రాం రాసేవాళ్లకు పని అర్థం కాదు. అందుకని ఒక్కో రంగానికి, ఆ రంగంవాళ్లు వాడే మాటలతోనే ఒక చిన్న భాష కట్టాలి. తరచుగా అది రాసే భాష కాదు, గీసే భాష. డబ్బాలు, గీతలు, బాణాలు. ఏ డబ్బాను దేనితో కలపవచ్చో, దేనితో కలపకూడదో ముందే తేల్చాలి. అలా గీసిన బొమ్మను కంప్యూటర్ చదివి, తప్పులు పట్టి, నడిపి చూపించే పరికరాన్ని కూడా మనమే తయారు చేయాలి. వీటిని మోడలింగ్ భాషలు అంటారు. ఇదంతా ఇరుగుపొరుగుకు చెప్పడం కష్టం. పక్క ఫ్లాట్ ఆవిడ, మేడం యూనివర్సిటీలో డ్రాయింగ్ చెప్తారనుకుని, ఎండాకాలం సెలవుల్లో తన కూతురిని పంపింది. మేడం కాదనలేదు. ఆ పాప గీసిన ఇంటి బొమ్మను కాసేపు చూసి, ఈ తలుపు లోపలికి తెరుచుకుంటుందా బయటికా అని అడిగారు. పాప మర్నాటి నుంచి రాలేదు.

ఆవిడ దగ్గర పీహెచ్‌డీ చేసే మాకు ఆ అదృష్టం లేదు. మేం రోజూ వెళ్లాల్సిందే.

నేను చేరిన కొత్తలో ఒక వారమంతా కూర్చుని, లైబ్రరీలో పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునే పద్ధతికి అందంగా ఒక బొమ్మ గీసి తీసుకెళ్లాను. రంగులు కూడా వేశాను. మేడం కళ్లద్దాలు పైకి తోసుకుని, పెన్సిల్ మొనతో ఒక బాణాన్ని ముట్టుకున్నారు.

"ఇది ఏం చెప్తాంది?"

"సభ్యుని నుంచి పుస్తకానికి పోతుంది మేడం."

"పోయేది కనబడతానే ఉంది. ఏం చెప్తాంది అంటున్నా. ఈ మనిషి ఆ పుస్తకం తీసుకున్నాడనా, అడిగినాడనా, పోగొట్టినాడనా?"

"తీసుకున్నడని."

"మరి ఈ బాణం?"

అది పోగొట్టాడని. రెండూ ఒకేలా ఉన్నాయి. మేడం కాగితం నావైపు తోశారు. ఆ తర్వాత అక్కడున్నన్ని సంవత్సరాలూ ఆ ప్రశ్న వింటూనే ఉన్నాను. చివరికి నా పెళ్లి కార్డు ఇవ్వడానికి వెళితే, వెనక వేసిన ఫంక్షన్ హాలు దారి బొమ్మ చూసి, "ఈ బాణం విద్యానగర్ నుంచి వచ్చేవాళ్లకా, పోయేవాళ్లకా?" అన్నారు. పెళ్లికి వచ్చారు, ఆలస్యంగా. దారి తప్పామని, తప్పు కార్డుదేనని, మా నాన్న ఎదురుగానే చెప్పారు. మా నాన్న వరి పండించే మనిషి. ఆయనకు ఏం చేయాలో తెలియక క్షమించమన్నాడు.

ఇలాంటి మనిషితో నేను కట్టిన భాష క్యాంపస్ నీళ్లది.

అప్పట్లో నేను గుట్టమీది లేడీస్ హాస్టల్‌లో ఉండేదాన్ని. ఎండాకాలం వచ్చిందంటే మా హాస్టల్ ట్యాంకులోకి నీళ్లు ఎక్కేవి కావు. కింద మెస్ దగ్గర కుళాయిలో పట్టుకుని, బకెట్లు మోసుకుంటూ మెట్లెక్కేవాళ్లం. పరీక్షల రోజుల్లో స్నానాలకు వంతులు వేసుకునేవాళ్లం. ఒకరోజు నేను మీటింగ్‌కు ఆలస్యంగా వెళ్లి కారణం చెప్పాను. మేడం అయ్యో అనలేదు.

"అయితే నీ పీహెచ్‌డీ అదే. నీళ్లు ఎట్ల పోతాయో గీయి. ఎట్ల ఆగిపోయినాయో బొమ్మే చెప్పల్ల" అన్నారు.

క్యాంపస్ నీళ్ల బాధ్యత చూసే అసిస్టెంట్ ఇంజనీరు గారి దగ్గరికి తీసుకెళ్లారు. ఆయనను అందరూ ఏఈ సార్ అనేవారు. అంబర్‌పేట్ నుంచి స్కూటర్ మీద వచ్చేవారు. ఎండాకాలంలో ప్రతి హాస్టల్ నుంచీ తిట్లు తినేది ఆయనే కాబట్టి, మమ్మల్ని చూడగానే ఇంకో ఫిర్యాదు అనుకున్నారు.

"మేడం, గీ బొమ్మలతోని నీళ్లొస్తయా? పెద్ద మోటర్ కావాలని ఫైల్ పెట్టిన. అది వస్తే అయిపోతది" అన్నారు.

"వచ్చేలోపల మాకు చెప్పండి. ట్యాంకు ఖాళీ అని మీరు ఎప్పుడంటారు?"

"ఖాళీ అంటే ఖాళీ. గదేం ప్రశ్న?"

"ఎవరికి ఖాళీ? ట్యాంకుకా, కుళాయికా?"

ఏఈ సార్ నావైపు చూశారు, ఈవిడతో నువ్వెట్ల వేగుతున్నవ్ బిడ్డా అన్నట్టు. కానీ విషయం ఉంది. ట్యాంకు నుంచి కిందికి వచ్చే పైపు అడుగున ఉండదు, కాస్త ఎత్తులో ఉంటుంది. బురద రాకుండా. ట్యాంకులో నీళ్లుంటాయి, కుళాయిలో రావు. ఆ ఒక్క 'ఖాళీ' అనే మాటకు అర్థం తేలేదాకా మేడం నన్ను ఇంకో మాట దగ్గరికి పోనివ్వలేదు. వారాల తరబడి అదే. హాస్టల్ స్నేహితురాళ్లు నీ థీసిస్ ఎక్కడిదాకా వచ్చిందని అడిగితే 'ఖాళీ' దగ్గర ఉన్నానని చెప్పేదాన్ని.

మెల్లగా భాష తయారైంది. సంపు, మోటరు, వాల్వు, ట్యాంకు, వీటికి తలా ఒక గుర్తు. పైపుకు ఒక గీత, నీళ్లు పోయే దిక్కుకు ఒక బాణం. వాల్వు ఎప్పుడు తెరవాలో చెబితే, ఏ ట్యాంకు ఎంత నిండుతుందో పరికరం లెక్కగట్టి చూపిస్తుంది. ఏఈ సార్ గది గోడకున్న పాత మ్యాపులన్నీ చూసి, పైపుల వెంట ఎండలో నడిచి, క్యాంపస్ మొత్తాన్ని ఆ భాషలో గీశాను. చాలా నెలల పని. ఈలోపు ఫెలోషిప్ గడువు అయిపోయింది. హాస్టల్ ఖాళీ చేసి, వారాసిగూడలో ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి ఒక గది తీసుకున్నాను. ఒక కంపెనీ నుంచి ఉద్యోగం వచ్చింది. థీసిస్ ఇచ్చేసి చేరతానని మాటిచ్చాను.

అప్పుడు మేడం పైపు గురించి ఆలోచించడం మొదలుపెట్టారు.

"పైపు గీత కాదు. అదొక వస్తువు. ట్యాంకెట్లనో అదీ అట్లనే" అన్నారు ఒక మధ్యాహ్నం, టీ తాగుతూ, చాలా మామూలుగా.

ఈ పని చేయనివాళ్లకు ఇందులో ఉన్న ఉపద్రవం తెలియదు. ఏ గుర్తులుంటాయి, అవి ఎలా కలుస్తాయి అని చెప్పేది ఆ భాషకు వ్యాకరణం లాంటిది. మావాళ్లు మెటామోడల్ అంటారు. అందులో ఒక గీతను వస్తువుగా మార్చారంటే, అంతకుముందు ఆ భాషలో గీసిన బొమ్మలు ఒక్కటీ తెరుచుకోవు. పరికరం వాటిని గుర్తుపట్టదు. ఎర్రటి తప్పుల వరుస ఒకటి చూపించి ఊరుకుంటుంది. ఇంతకుముందు చిన్న మార్పులకే రెండుసార్లు మొత్తం గీశాను. ఇది చిన్నది కాదు.

"మేడం, ఇంకెన్నిసార్లు మారుస్తరు? నాతోని కాదు. ఉన్నదానితోని థీసిస్ అయితది కదా."

"థీసిస్ అయితుంది. తప్పయితుంది."

"ఏం తప్పు? చెప్పుండ్రి."

"అది తెలిస్తే అదే చెప్పేదాన్ని కదా. నాకు ఆ బాణం మీద నమ్మకం లేదు. అంతే."

నేను బ్యాగు తీసుకుని వచ్చేశాను. ఫోన్ ఎత్తలేదు. ఆవిడకు నమ్మకం లేని బాణం కోసం నా ఉద్యోగం పోవాలా అని గదిలో స్నేహితురాళ్ల ముందు గట్టిగానే అన్నాను. ఇప్పటికీ అది అన్యాయమైన మాటేమీ కాదనుకుంటాను.

కొన్ని రోజుల తర్వాత, మిట్టమధ్యాహ్నం, వారాసిగూడ ఇరుకు మెట్లెక్కి మేడం మా గదికి వచ్చారు. చంకలో ల్యాప్‌టాప్ సంచి. కూర్చోడానికి మంచం తప్ప ఏమీ లేదు. ఆవిడ మంచం అంచున కూర్చుని, మంచినీళ్లు తాగి, ల్యాప్‌టాప్ తెరిచారు. పాత బొమ్మలను కొత్త వ్యాకరణంలోకి మార్చే ప్రోగ్రాం ఒకటి సొంతంగా రాసుకొచ్చారు. నా బొమ్మలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. గీతలుండే చోట పొడవాటి డబ్బాలు, మిగతాదంతా నేను గీసినట్టే.

"ఇవి రెండు రాలేదు. ఎంత చేసినా పగులుతాన్నాయి. వాటిని నువ్వే గీయల్ల" అన్నారు.

పొరపాటైంది అని గానీ, నీకు ఇబ్బంది పెట్టాను అని గానీ అనలేదు. ఆవిడ రాసుకొచ్చిన ప్రోగ్రాం చూస్తే ఎంత కష్టపడ్డారో తెలుస్తూనే ఉంది. తెలిశాక కోపంగా ఉండడం కష్టం, అది మరీ చికాకు. మా స్నేహితురాలు ఉప్మా పెట్టింది. తిన్నారు. ఉప్పు తక్కువైందని చెప్పి వెళ్లారు.

ఆ రెండూ గీస్తున్నప్పుడే నాకు అసలు సంగతి తగిలింది. ఆ రెండింటిలోనూ ఉన్నది ఒకే పైపు, గుట్టమీదికి వెళ్లేది. ఇప్పుడు పైపు వస్తువు కాబట్టి, నీళ్లు ఏ వేళకు ఏ దిక్కు పోతాయో విడిగా రాయమని పరికరం అడిగింది. ఏఈ సార్‌ను అడిగాను.

"మోటర్ నడిచినప్పుడు పైకి పోతయి. బంద్ చేసినంక అదే పైపుల కిందికొస్తయి, కింది హాస్టళ్లకు" అన్నారు.

"మోటర్ నడుస్తున్నప్పుడు కింది హాస్టళ్ల వాల్వులు?"

"తీసే ఉంటయి. బంద్ చేస్తే పోరగాళ్లు ఊకుంటరా?"

ఒకే పైపు, రెండు దిక్కులు. నేను గీసిన బాణం అందులో ఒకటే చెప్పింది. బొమ్మను నడిపి చూస్తే ఎందుకు ఎక్కడం లేదో కనబడింది. పైకి వెళ్లాల్సిన నీళ్లను దారిలోనే కింది హాస్టళ్లు లాగేసుకుంటున్నాయి. పెద్ద మోటరు పెట్టినా ముందు నిండేది కిందివాళ్లవే. పొద్దున గుట్టమీది ట్యాంకు నిండేదాకా కింది వాల్వులు మూసి ఉంచితే, తర్వాత అందరికీ సరిపోతుంది. కిందివాళ్లకు కాస్త ఆలస్యం, అంతే.

ఏఈ సార్ చాలాసేపు తెర చూశారు. "ఒక్కపూట చూస్తా. లొల్లి అయితే మీరే చూసుకోవాలె" అన్నారు మేడంతో.

లొల్లి అయింది. మర్నాడు పొద్దున కింది బాయ్స్ హాస్టల్ పిల్లలు బకెట్లతో పంప్‌హౌస్ ముందుకు వచ్చి నినాదాలు మొదలుపెట్టారు. మేడం వాళ్లకు ల్యాప్‌టాప్‌లో బొమ్మ చూపించి వివరించే ప్రయత్నం చేశారట. తలకు నూనె పెట్టుకుని స్నానానికి దిగిన కుర్రాడొకడు, "బొమ్మతోని తానం చేయాల్నా మేడం?" అన్నాడట. ఇదంతా తర్వాత ఏఈ సార్ చెప్పారు. ఆ సమయానికి నేను గుట్టమీది హాస్టల్ డాబా మీద, ట్యాంకు నిచ్చెన పట్టుకుని నిలబడి ఉన్నాను. ముందు పైపులోంచి గాలి బుసకొట్టింది. తర్వాత ఎర్రటి నీళ్లు దగ్గినట్టు వచ్చాయి. ఆపైన ధార. కింద వరండాలో ఎవరో బకెట్లు దబదబా కుళాయిల కింద పెడుతున్న చప్పుడు వినిపించింది. ఆ మెట్ల మీద నేను మోసిన నీళ్లు నాకే తెలుసు. ధార ఆగాక మేడంకు ఫోన్ చేశాను.

"మేడం, నీళ్లొచ్చినయి."

"ఎంత?"

"మస్తుగ వచ్చినయి మేడం. ముప్పావు ట్యాంకు నిండింది, ఇగ ఆగింది."

"బొమ్మ ఏం చెప్పింది?"

"నిండుతదని చెప్పింది."

"అయితే ఇంకా తప్పుంది. రా."

అంతే. ఫోన్ పెట్టేశారు. ఆ పూట గుట్ట దిగుతూ నేను ఆవిడను తిట్టినంతగా జీవితంలో ఎవరినీ తిట్టలేదు. డిపార్ట్‌మెంట్‌కు వెళ్లేసరికి ఆవిడ గదిలో నాకోసం రెండు సమోసాలు కాగితంలో పెట్టి ఉన్నాయి. ఆవిడ మాత్రం తలెత్తకుండా, ఆ పావు వంతు నీళ్లు ఎటు పోయాయో వెతుకుతున్నారు.

థీసిస్ అయింది. ఉద్యోగంలో చేరాను. కంపెనీ నెల గడువు ఇచ్చింది, అడిగితే ఇస్తారని అప్పుడు తెలిసింది. మా పరికరం మాత్రం ఎక్కువ కాలం నిలవలేదు. ఏఈ సార్ రిటైరయ్యారు. కొత్తగా వచ్చినాయనకు బొమ్మలంటే ఓపిక లేదు. పైపులు మార్చారు, బొమ్మలు మార్చలేదు. దేని మీద ఆ పరికరం కట్టామో ఆ సాఫ్ట్‌వేర్‌కు కొత్త వర్షన్లు వచ్చి మాది తెరుచుకోవడం మానేసింది. నేను బాధపడుతూ చెబితే మేడం బాధపడలేదు.

"టూల్ పోతే ఇంకోటి కడతాం మ్మా. దాంట్లో ఏమనుకున్నామో మర్చిపోతే మాత్రం, ఏం కట్టల్లనో తెలీదు" అన్నారు. పొద్దున ముందు గుట్టమీదికి, తర్వాత కిందికి అనే వరస ఇప్పటికీ నడుస్తోందట. ఎందుకని అడిగితే అక్కడివాళ్లు మొదటినుంచీ అంతే అంటారట.

డిపార్ట్‌మెంట్‌లో సంతాప సభ పెట్టారు. ఆ పాత పరికరాన్ని సభలో చూపిద్దామని జూనియర్లు రెండు రోజులు తంటాలు పడ్డారు. తెరుచుకోలేదు. ఒక పెద్దాయన లేచి, మేడం కంప్యూటర్‌కు తెలుగు నేర్పిందన్నారు. ఇంకొకాయన ఆవిడ చిత్రకళకు చేసిన సేవను కొనియాడారు. మేడం ముందువరసలో ఉంటే ఏం జరిగేదో ఊహించుకుని పళ్లు బిగబట్టి కూర్చున్నాను. చివర్లో ఏఈ సార్ మైకు దగ్గరికి వచ్చారు. జుట్టు పూర్తిగా నెరిసింది.

"నాకు మాట్లాడుడు రాదు. మేడం నన్ను మస్తు సతాయించింది" అన్నారు. కొందరు నవ్వారు. ఆయన నవ్వలేదు. "ఇరవై ముప్పై మంది ఇంజనీర్లను చూసిన. సమజ్ కాలేదని ఎవ్వలు ఒప్పుకోరు. ఆమె రోజు వచ్చి, సార్ నాకు సమజ్ కాలేదు, మళ్లీ చెప్పండి అనేది. చెప్పుకుంట చెప్పుకుంట నాకే సమజ్ అయ్యేది. రిటైరైనంక గూడ ఫోన్ చేసి ఆ పావు ట్యాంకు నీళ్లు యాడికి వోయినయని అడిగేది. నాకు తెల్వదు మేడం అంటే, నాక్కూడా తెల్వదు సార్ అనేది. గంతే." ఆయన మైకు ఇచ్చేసి కూర్చున్నారు.

సభ అయ్యాక తార్నాక వెళ్లాను. అక్కగారు ఒక్కరే ఉన్నారు. వాషింగ్ మెషిన్‌లోంచి మేడం నేత చీరలు తీసి బాల్కనీలో ఆరేస్తున్నారు. సాయం చేయబోతే ఒక చీర కొంగు నా చేతికిచ్చి, చూడమన్నారు. నీలం, ఆకుపచ్చ, ఎరుపు, మార్కర్ మరకలు.

"డస్టర్ పక్కనే ఉంటుంది. అయినా బోర్డు తుడిచేది కొంగుతోనే. ఎన్ని సబ్బులు మార్చినా పోలేదు. జనం చూస్తారని ఇన్నాళ్లూ కొంగు లోపలికి వేసి ఆరేసినా మ్మా" అన్నారు.

నేను రెండో కొస పట్టుకున్నాను. ఇద్దరం కలిసి చీరను దులిపాం. ఆవిడ ఈసారి కొంగును రోడ్డు వైపు తిప్పి తాడు మీద వేసి, క్లిప్పులు పెట్టారు. కింద తార్నాక రోడ్డు హారన్లతో మోగుతోంది. గాలికి కొంగు విచ్చుకుని, చెరిగీ చెరగని ఆ రంగు మరకలు ఎండలో ఆరుతూ ఉండిపోయాయి.